సీపాప్ యంత్రానికి అలవాటు పడటం

నిద్రలో గొంతు మూసుకుపోయి ఊపిరి మాటిమాటికీ ఆగే జబ్బును వైద్యులు స్లీప్ అప్నియా అంటారు. దానికి ఇచ్చే చికిత్సల్లో ప్రధానమైనది సీపాప్. మంచం పక్కన పెట్టే చిన్న యంత్రం గదిలోని గాలినే లోపలికి తీసుకుని, కాస్త ఒత్తిడితో గొట్టం గుండా మాస్కులోకి పంపుతుంది. ఆ ఒత్తిడికి గొంతు తెరుచుకుని ఉంటుంది, గురక ఆగుతుంది, ఊపిరి నిలకడగా సాగుతుంది. ఒత్తిడి సరిగ్గా అమరితే మొదటి రాత్రే ఫలితం కనిపిస్తుంది. చిక్కంతా ఆ తర్వాత వచ్చే రాత్రులతోనే. చాలా యంత్రాలు మొదటి నెల తిరక్కుండానే అటక ఎక్కుతాయి. యంత్రం పాడై కాదు. మాస్కు కరుస్తోందనో, నోరెండిపోతోందనో, కరెంటు పోతే ఏమవుతుందోననో. ఇవన్నీ సరిచేయగలిగినవే, కాకపోతే సరిచేసే మనిషి దగ్గర్లో ఉండాలి. అనకాపల్లి జిల్లా రాంబిల్లి లాంటి తీర మండలాల్లో ఆ మనిషి విశాఖపట్నంలో ఉంటాడు. అలవాటు కుదరడం, కుదరకపోవడం చాలావరకు ఈ దూరం మీద ఆధారపడుతుంది.

జబ్బు

మెలకువగా ఉన్నప్పుడు గొంతు చుట్టూ ఉన్న కండరాలు బిగువుగా ఉండి దారిని తెరిచి ఉంచుతాయి. నిద్రలో అవి సడలుతాయి. దారి ముందే ఇరుకైనవారిలో నాలుక, కొండనాలుక చుట్టూ ఉండే మెత్తని అంగిలి వెనక్కి జారి గొంతును మూసేస్తాయి. గాలి కనీసం 10 సెకన్లు ఆగితే దాన్ని ఒక అప్నియాగా లెక్కిస్తారు. రక్తంలో ఆక్సిజన్ తగ్గుతుంది, మెదడు ఉలిక్కిపడుతుంది, మనిషి పెద్ద శబ్దంతో ఊపిరి తీసుకుని మళ్లీ నిద్రలోకి జారుకుంటాడు. ఇదేదీ అతనికి తెల్లారాక గుర్తుండదు. గంటకు సగటున ఎన్నిసార్లు ఊపిరి ఆగడమో బాగా తగ్గడమో జరిగిందన్న లెక్కే ఏహెచ్ఐ. 5 నుంచి 15 దాకా స్వల్పం, 15 నుంచి 30 దాకా మధ్యస్థం, 30 దాటితే తీవ్రం.

మెడ లావుగా ఉండటం, ఊబకాయం, వయసు, మద్యం, థైరాయిడ్ లోపం, వెల్లకిలా పడుకోవడం దీన్ని పెంచుతాయి. దవడ చిన్నదైతే సన్నగా ఉన్నవారికీ వస్తుంది. ఆడవారిలో నెలసరి ఆగాక పెరుగుతుంది. అయితే వాళ్లు గురక గురించి కాకుండా నీరసం, నిద్ర పట్టకపోవడం గురించి చెప్పుకుంటారు కాబట్టి వైద్యుడి దృష్టి అటు పోదు. పగటి మత్తు, పొద్దున్నే తలనొప్పి, రాత్రి పలుమార్లు మూత్రానికి లేవడం, మందులకు లొంగని బీపీ ఇవన్నీ దీని జాడలే. మన ఇళ్లలో గురకను గాఢనిద్రకు గుర్తుగా చూసే అలవాటు పాతది. పగలంతా కష్టపడ్డ మనిషి హాయిగా నిద్రపోతున్నాడని పిల్లల్ని చప్పుడు చేయనివ్వరు. ఆ గురక మధ్యలో ఉన్నట్టుండి వచ్చే నిశ్శబ్దాన్ని గమనించేది పక్కన పడుకున్న భార్యే. జబ్బును ముందు పట్టేది ఎక్కువసార్లు ఆమే.

మన దేశంలో ఈ జబ్బు మీద తొలి పెద్ద లెక్క ముంబై నుంచి 2004లో వచ్చింది. ఉద్వాడియా బృందం నగరంలోని మగవారిని పరీక్షించి, పగటి మత్తుతో కూడిన జబ్బు 7.5 శాతం మందిలో ఉందని తేల్చింది. అంతవరకు ఇది పాశ్చాత్యుల జబ్బన్న ధీమా ఉండేది. దేశంలో జరిగిన అధ్యయనాలన్నీ కలిపి ఢిల్లీ ఎయిమ్స్ పరిశోధకులు 2023లో వేసిన అంచనా ప్రకారం పెద్దల్లో 11 శాతం మందికి, అంటే సుమారు 10.4 కోట్ల మందికి ఇది ఉంది. తెలుగువారికి ఈ జబ్బు పేరు ఇంటింటా వినిపించింది మాత్రం 2022 ఫిబ్రవరిలో, సంగీత దర్శకుడు బప్పీ లహిరి ముంబైలో మరణించినప్పుడు. 'సింహాసనం', 'గ్యాంగ్ లీడర్' పాటల బప్పీ స్లీప్ అప్నియాతో పోయారని ఆసుపత్రి ప్రకటించేసరికి, గురకతో కూడా మనిషి పోతాడా అన్న ప్రశ్న టీవీ చర్చల్లోకి వచ్చింది. సూటిగా ఊపిరాడక పోవడం అరుదు. గుండె, మెదడు, రక్తనాళాల మీద ఏళ్ల తరబడి పడే భారమే అసలు ముప్పు. రోడ్డు మీద ప్రమాదం వేరే లెక్క: యలమంచిలి, అనకాపల్లి మీదుగా పోయే 16వ నంబరు జాతీయ రహదారిపై తెల్లవారుజామున లారీ నడిపే డ్రైవరుకు ఈ జబ్బు ఉంటే ఆ ముప్పు అతనొక్కడిది కాదు.

యంత్రం పుట్టుక

1981కి ముందు తీవ్రమైన స్లీప్ అప్నియాకు నమ్మకమైన చికిత్స గొంతుకు రంధ్రం చేయడం ఒక్కటే. ఆస్ట్రేలియాలోని సిడ్నీలో కోలిన్ సల్లివాన్ అనే వైద్యుడు ముక్కు ద్వారా గాలిని ఒత్తిడితో పంపి చూశాడు. ఐదుగురు రోగుల మీద వచ్చిన ఫలితాలను 1981 ఏప్రిల్‌లో 'లాన్సెట్' పత్రిక ప్రచురించింది. వాక్యూమ్ క్లీనర్ మోటారుతో నడిచిన ఆ తొలి యంత్రాలు హోరెత్తేవి. మాస్కును ప్రతి రాత్రీ ముక్కుకు సిలికాన్ జిగురుతో అంటించేవారు. ఇవాళ మాస్కు కరుస్తోందని విసుక్కునేవారు ఆ తొలి రోగుల ఓపికను ఒకసారి తలుచుకోవచ్చు: జిగురు పూసుకుని, మోటారు మోతలో, ఏళ్ల తరబడి పడుకున్నారు. నిద్ర దొరకడం వాళ్లకు అంత విలువైనది.

1980ల మధ్యలో ఫ్యాక్టరీ తయారీ మొదలైంది. అప్పటి నుంచి యంత్రం చిన్నదవుతూ వచ్చింది, చప్పుడు గుసగుస స్థాయికి దిగింది. పనిచేసే సూత్రం మాత్రం మారలేదు. గాలి ఉన్నంతసేపు సైకిలు ట్యూబు చదునుగా పడిపోనట్టే, లోపల ఒత్తిడి ఉన్నంతసేపు గొంతు గోడలు ఒకదానికొకటి అంటుకోవు. వాడే ఒత్తిడి 4 నుంచి 20 సెంటీమీటర్ల నీటి మట్టానికి సమానం. 10 సెంటీమీటర్లంటే వాతావరణ పీడనంలో నూరో వంతు. ఊపిరితిత్తులు పగిలిపోతాయేమోనన్న భయానికి జవాబుగా ఈ అంకె సరిపోతుంది. నిలకడగా ఒకే ఒత్తిడి ఇచ్చేది సీపాప్, అవసరాన్ని బట్టి తనే పెంచుకుని తగ్గించుకునేది ఆటో సీపాప్, పీల్చేటప్పుడు ఎక్కువ, వదిలేటప్పుడు తక్కువ ఇచ్చేది బైపాప్. బైపాప్ ధర ఎక్కువ. ఎక్కువ ధర పెడితే మేలైన చికిత్స దొరుకుతుందనుకుని దాన్నే అడిగేవారున్నారు గానీ, మామూలు స్లీప్ అప్నియాకు దాని అవసరం తక్కువ.

జనంలో రెండు అపోహలు గట్టిగా ఉన్నాయి. మొదటిది, దీన్ని ఆక్సిజన్ మిషన్ అనుకోవడం. సీపాప్ ఇచ్చేది గదిలో ఉన్న గాలినే. ఆక్సిజన్‌కు అలవాటు పడితే మానలేమన్న బెంగ దీనికి వర్తించదు. రెండోది 2020, 2021 సంవత్సరాలు మిగిల్చినది. కోవిడ్ వార్డుల్లో బైపాప్ పెట్టారన్న మాట ఎన్నో కుటుంబాలు విన్న చివరి కబురు. ముఖానికి మాస్కు, గొట్టం అనగానే ఆ రోజులు గుర్తుకొచ్చేవారికి ఇది ఐసీయూ సామాను కాదని, ఆఫీసుకు, పొలానికి, ఫ్యాక్టరీకి వెళ్లివచ్చే మనిషి ఇంట్లో వాడుకునే వస్తువని మొదటే చెప్పాలి. దాన్ని చెప్పకుండా మాస్కు చేతిలో పెట్టడం సగం ఓటమి.

రాంబిల్లి నుంచి విశాఖ దాకా

రాంబిల్లి బంగాళాఖాతం ఒడ్డు మండలం. 2022 ఏప్రిల్ 4న అనకాపల్లి జిల్లా ఏర్పడేదాకా విశాఖపట్నం జిల్లాలో ఉండేది. వేటకు పోయే మత్స్యకార పల్లెలు, వరి, జీడిమామిడి, కొబ్బరి ఒకవైపు. నౌకాదళం కట్టుకుంటున్న వర్ష స్థావరం, పక్కనే అచ్యుతాపురం సెజ్‌లోని మందుల, బట్టల ఫ్యాక్టరీలు ఇంకోవైపు. పగలు సముద్రం మీద, రాత్రి షిఫ్టుల్లో, తెల్లవారుజామున రోడ్ల మీద ఉండే జనం కాబట్టి నిద్ర అనేది ఇక్కడ ఒకే వేళకు, ఒకే చోట జరిగే పని కాదు.

పరీక్ష మాత్రం విశాఖలోనే. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో బీపీ, షుగరు చూస్తారు. రాత్రంతా మెదడు తరంగాలు, ఊపిరి, ఆక్సిజన్, గుండె లయ నమోదుచేసే పాలీసామ్నోగ్రఫీకి నగరానికి పోవాలి. ఊపిరితిత్తుల నిపుణులు, చెవి ముక్కు గొంతు వైద్యులు, నరాల వైద్యులు ఈ జబ్బును చూస్తారు. 1923లో మొదలైన ఆంధ్ర వైద్య కళాశాల, దాని ఆసుపత్రి కేజీహెచ్, పెదవాల్తేరులోని ఛాతీ ఆసుపత్రి ఈ ప్రాంతానికి పాత ఆధారాలు. నౌకాదళ కుటుంబాలకు ఐఎన్‌హెచ్‌ఎస్ కల్యాణి ఆసుపత్రి ఉంది. ప్రైవేటులో ఇంటికే పంపే చిన్న పరీక్ష పరికరాలూ వచ్చాయి. వేలికి, ఛాతీకి, ముక్కుకు తగిలించుకుని సొంత మంచం మీదే పడుకోవచ్చు. గుండె జబ్బో ఊపిరితిత్తుల జబ్బో లేని, లక్షణాలు స్పష్టంగా ఉన్న మనిషికి ఇది చాలు. 2014లో సిద్ధమైన భారతీయ మార్గదర్శకాలు కూడా తగిన రోగులకు ఇంటి పరీక్షను ఒప్పుకున్నాయి. పట్నం ఆసుపత్రి గదిలో, తీగల మధ్య, కొత్త మంచం మీద నిద్రే పట్టక పరీక్ష వృథా అయ్యేదానికంటే ఇదే నయం.

దూరం అసలు బాధపెట్టేది పరీక్ష అయ్యాకే. పరీక్షకు ఒకసారి, యంత్రం కొనడానికి ఒకసారి ఎలాగోలా పోతారు. మాస్కు పక్కనుంచి గాలి కారుతోందని మూడోసారి పోవడానికి రోజు కూలి, బస్సు చార్జీ, తోడొచ్చే మనిషి కావాలి. పోరు. యంత్రం పక్కకు పోతుంది. అందుకే మండలాల నుంచి వచ్చే రోగికి యంత్రం అమ్మేవారు ఫోనులో చూసే ఏర్పాటు ముందే ఒప్పుకోవాలి. ఇప్పటి యంత్రాల్లో చాలావరకు సిమ్ ద్వారానో, కార్డులోనో, ఫోను యాప్‌లోనో ఎన్ని గంటలు వాడారు, గాలి ఎంత కారింది, ఏహెచ్ఐ ఎంత మిగిలింది అన్న లెక్క దాచిపెడతాయి. దాన్ని విశాఖలో కూర్చున్న టెక్నీషియన్ చూసి ఒత్తిడి మార్చగలడు. కొనే ముందు అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే, ధర తర్వాత.

మొదటి వారాలు

అలవాటు ఎంత త్వరగా తేలిపోతుందో 1990లలో అమెరికాలో జరిగిన రెండు అధ్యయనాలు చూపాయి. 1993లో క్రిబ్స్ బృందం యంత్రంలో రహస్యంగా గడియారం పెట్టి కొలిచింది. రోజూ వాడుతున్నామన్నవారు చాలామందే. నిజానికి 35 మందిలో 16 మందే పది రోజుల్లో ఏడు రోజులైనా 4 గంటల చొప్పున వాడారు. 1997లో వీవర్ బృందం ఇంకో సంగతి పట్టింది: నిలకడగా వాడేవారు, వదిలివదిలి వాడేవారు అన్న తేడా నాలుగో రోజుకే కనిపిస్తోంది. అంటే నెల తర్వాత రమ్మని చీటీ రాసి పంపే వైద్యుడు, రోగి తీర్మానం చేసేసుకున్నాక కలుస్తున్నాడన్నమాట. మొదటి వారంలో వచ్చే ఒక ఫోను, నెల తర్వాతి సంప్రదింపు కంటే విలువైనది.

మొదటి రాత్రే ఎనిమిది గంటలు పెట్టుకోవాలన్న పట్టుదల చాలామందిని ఓడిస్తుంది. మాస్కు ముఖం మీద పడగానే గుండె దడదడలాడి, ఊపిరి ఆడనట్టు అనిపించి పీకేస్తారు. దీన్ని మెల్లగా మచ్చిక చేసుకోవాలి. పగలు టీవీ చూస్తూనో, వాకిట్లో కూర్చునో గొట్టం లేకుండా ఉత్త మాస్కు పావుగంట పెట్టుకోవడం మొదటి మెట్టు. అది సాగాక గొట్టం తగిలించి, తక్కువ గాలితో, మెలకువగానే ఉండి నోరు మూసుకుని ఊపిరి తీయడం. తర్వాత మధ్యాహ్నం కునుకు మాస్కుతోనే. ఆ తర్వాతే రాత్రి. కొందరికి ఇదంతా రెండు రోజుల పని, కొందరికి రెండు వారాలు. ర్యాంప్ అనే సదుపాయం ఒత్తిడిని తక్కువలో మొదలుపెట్టి నిద్ర పట్టేలోపు పెంచుతుంది. ఊపిరి వదిలేటప్పుడు గాలి ఎదురుతిరిగినట్టు ఉంటే ఆ క్షణంలో ఒత్తిడి తగ్గించే అమరిక ఉంది. ఈ రెండూ యంత్రంలో ఉండి కూడా ఎవరూ ఆన్ చేయకపోవడం సాధారణంగా కనిపించే లోపం.

అర్ధరాత్రి మెలకువలో తెలియకుండా మాస్కు తీసేసి పక్కన పడేయడం కూడా మామూలే. దాన్ని ఓటమిగా చూడకూడదు. మెలకువ వచ్చినప్పుడు మళ్లీ పెట్టుకోవాలి. అయితే రోజూ ఒకే వేళకు అలా జరుగుతుంటే ఆ వేళలో గాలి కారడమో, ఒత్తిడి చాలకపోవడమో ఉంటుంది, యంత్రం దాచిన లెక్కలో అది దొరుకుతుంది. పొట్టలోకి గాలి పోయి ఉబ్బరం, తేన్పులు వస్తే ఒత్తిడి ఎక్కువైందని అనుమానించాలి. ముక్కు దిబ్బడ ఉన్నవారు ముందు దానికి వైద్యం చేయించుకోవాలి. మూసుకుపోయిన ముక్కులోకి గాలి కొట్టడం ఇద్దరికీ, అంటే రోగికీ యంత్రానికీ, శిక్షే.

నైట్ డ్యూటీ చేసేవారికి ఒక మాట: యంత్రం రాత్రికి కాదు, నిద్రకు. అచ్యుతాపురంలో షిఫ్టు దిగి పొద్దున పడుకునేవారు అప్పుడూ పెట్టుకోవాలి. మధ్యాహ్నం భోజనం తర్వాతి కునుకుకూ అదే లెక్క. వేటకు పోయే మత్స్యకారుడు మాత్రం సముద్రం మీద దీన్ని వాడలేడు. పడవలో గడిపే రాత్రులకు పక్కకు తిరిగి పడుకోవడం, మద్యం జోలికి పోకపోవడం తప్ప వేరే దారి లేదు. ఒడ్డుకు వచ్చిన రాత్రి మళ్లీ మొదలుపెట్టవచ్చు. మానేస్తే జబ్బు కొద్ది రోజుల్లోనే తిరిగొస్తుంది. నెల రోజులు వాడాం, నయమైపోయిందనుకోవడానికి ఇది జ్వరం కాదు, కళ్లద్దాల వ్యవహారం.

మాస్కు

యంత్రం ఎంపికకు పెట్టే శ్రద్ధలో సగం మాస్కు మీద పెడితే చాలా సంసారాలు గట్టెక్కుతాయి. మూడు రకాలు ప్రధానం. ముక్కు రంధ్రాల దగ్గర మాత్రమే కూర్చునేవి, ముక్కంతా కప్పేవి, ముక్కు నోరు రెండూ కప్పేవి. నోటితో ఊపిరి తీసేవారికి మూడోది ఇస్తారు గానీ, అది పెద్దది, ఎక్కువ చోట్ల గాలి కారుతుంది. వీలైతే ముక్కు మాస్కుతో మొదలుపెట్టడమే మేలని నిపుణుల మాట.

విదేశీ ముఖాల కొలతలతో వచ్చిన ఈ మాస్కులు మన ముఖాల మీద, మన అలవాట్ల మీద తడబడతాయి. మీసకట్టు అందమే గానీ పెదవి పైన గుబురు మీసం, గడ్డం ఉన్నచోట సిలికాన్ అంచు ఆనదు. ముక్కుపుడక, బులాకీ ఉన్న పెద్దావిడలకు ముక్కు మాస్కు అక్కడే లీకవుతుంది, పైగా పుడక గుచ్చుకుంటుంది. పుడక తీయమనడం కొందరికి మాట పడ్డట్టే ఉంటుంది. అప్పుడు ముక్కు, నోరు రెండింటి చుట్టూ దూరంగా ఆనే పెద్ద మాస్కు వాడి చూడాలి. తలకు నూనె రాసుకుని పడుకునేవారికి పట్టీలు జారతాయి, నూనె తగిలిన సిలికాన్ త్వరగా మెత్తబడుతుంది. జడ, కొప్పు పట్టీల కిందికి వచ్చేట్టు కాకుండా పైకో పక్కకో తీసుకోవాలి. పడుకునే ముందు ముఖం సబ్బుతో కడుక్కుంటే చాలు, సగం లీకులు పోతాయి.

గాలి కారుతోందని పట్టీలు బిగించుకుంటూ పోవడం అందరూ చేసే పనే, ఫలితం మాత్రం తిరగబడుతుంది. ముక్కు దూలం మీద పుండు పడుతుంది, లీకు పెరుగుతుంది. పట్టీలను పడుకున్నాకే, యంత్రం గాలి ఇస్తుండగా సరిచేయాలి. కూర్చుని సరిచేసినది పడుకోగానే మారిపోతుంది. మాస్కు ముందు చిన్న రంధ్రాల నుంచి వచ్చే సన్నని గాలి లీకు కాదు. వదిలిన ఊపిరి బయటికి పోవడానికి కావాలనే పెట్టిన దారి అది. దాన్ని టేపుతో మూయడం ప్రమాదం.

నీళ్లు, గాలి, కరెంటు

గొంతు, ముక్కు ఎండకుండా గాలికి తేమ కలిపే గిన్నె చాలా యంత్రాలకు ఉంటుంది. రాంబిల్లి తీరపు ఉక్కపోతలో ఏసీ లేని గదికి దాని అవసరం తక్కువే. తక్కువ స్థాయిలో పెట్టుకోవచ్చు, కొన్ని నెలలు ఆపేసినా ఫరవాలేదు. ఏసీ వేసుకునే ఇంట్లో కథ మారుతుంది. గది గాలి పొడిగా ఉంటుంది కాబట్టి తేమ కావాలి, కానీ చల్లని గొట్టంలో వెచ్చని తేమ నీళ్లుగా మారి బుడబుడమంటూ ముక్కులోకి వస్తుంది. యంత్రాన్ని తల కంటే కిందకు ఉంచడం, గొట్టాన్ని దుప్పటి కిందుగా పోనివ్వడం, గొట్టానికే వేడినిచ్చే రకం కొనడం దీనికి మందులు.

గిన్నెలో డిస్టిల్డ్ వాటరే పోయాలి. తీరం వెంట బోరు నీళ్లలో ఉప్పు శాతం ఎక్కువ, గిన్నె అడుగున తెల్లగా పొర కడుతుంది. ఇరవై లీటర్ల టిన్నులో వచ్చే మంచినీళ్లు తాగడానికి సరే, దీనికి కాదు. ఏమీ దొరకని రోజు కాచి చల్లార్చిన నీళ్లతో గడుపుకోవచ్చు. రోజూ మిగిలిన నీళ్లు పారబోసి గిన్నె ఆరబెట్టాలి. మాస్కు అంచును రోజూ, గొట్టాన్ని వారానికోసారి తక్కువ సబ్బు, గోరువెచ్చని నీళ్లతో కడిగి నీడలో ఆరేయాలి. డెట్టాల్, బ్లీచింగ్, ఎండ ఇవి సిలికాన్‌కు శత్రువులు. ఫిల్టరు ఉప్పుగాలి, దుమ్ము ఉన్నచోట తొందరగా నల్లబడుతుంది. ఆరిన గొట్టం రెండు చివరలూ మూసి ఉంచితే చీమలు, బొద్దింకలు దూరవు. ఈ మాట కంపెనీల కరపత్రాల్లో ఉండదు గానీ ఇక్కడ అవసరం.

శుభ్రం చేయడం పేరుతో ఓజోన్ పెట్టెలు అమ్ముతారు. అవి వద్దని చెప్పడానికి ఒక పాఠం ఉంది. 2021 జూన్‌లో ఫిలిప్స్ సంస్థ ప్రపంచవ్యాప్తంగా లక్షల యంత్రాలను వెనక్కి పిలిచింది. చప్పుడు తగ్గించడానికి లోపల పెట్టిన నురుగు పొర చివికి రేణువులు, వాయువులు గాలిలో కలవొచ్చన్నది కారణం. ఓజోన్‌తో శుభ్రం చేయడం, వేడి, తేమ ఆ చివుకును పెంచుతాయని సంస్థే చెప్పింది. పాత యంత్రం చేతులు మారి తక్కువ ధరకు దొరికితే, దాని నమూనా, క్రమసంఖ్య ఆ జాబితాలో ఉన్నాయో లేదో చూసుకోకుండా కొనకూడదు.

కరెంటు పోతే ప్రాణం పోతుందా అన్న భయం అన్ని భయాల్లోకీ పెద్దది. పోదు. ముక్కు మాస్కు ఉన్నవారు నోటితో ఊపిరి తీస్తారు, మెలకువ వస్తుంది. ముక్కు, నోరు కప్పే మాస్కులో గాలి ఆగగానే తెరుచుకునే తలుపు లాంటి అమరిక ఉంటుంది. ఆ రాత్రికి జబ్బు తిరిగొస్తుంది, అంతే. తేమ హీటరు ఆపేస్తే యంత్రం ఫ్యాను కంటే తక్కువ కరెంటు తింటుంది. ఇంట్లో ఫ్యాన్లకు పెట్టిన మామూలు ఇన్వర్టరు రాత్రంతా నడుపుతుంది, కాకపోతే సైన్ వేవ్ రకం అయితే మంచిది. తుఫాను కాలంలో మాత్రం ముందుచూపు కావాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటాక ఈ ప్రాంతపు పల్లెల్లో రోజుల తరబడి చీకటి. అలాంటి రోజులకు యంత్రానికి సరిపోయే చిన్న బ్యాటరీ గానీ, కారు బ్యాటరీకి తగిలించే తీగ గానీ ఉంచుకోవాలి. అవీ లేకపోతే తల వైపు ఎత్తుగా, పక్కకు తిరిగి పడుకోవాలి. నిద్రమాత్రలు, మద్యం ముట్టకూడదు.

డబ్బు

ఆటో సీపాప్ ధర పదుల వేల రూపాయల్లో ఉంటుంది. మాస్కు, ఫిల్టర్లు ఏటేటా అదనం. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు సీజీహెచ్ఎస్, మాజీ సైనికులకు ఈసీహెచ్ఎస్ ముందస్తు అనుమతితో కొంత తిరిగి ఇస్తాయి. చాలా ప్రైవేటు ఆరోగ్య బీమాలు ఆసుపత్రి ఖర్చు ఇచ్చి ఇంట్లో వాడే యంత్రాన్ని పక్కనపెడతాయి. పాలసీ చివర చిన్న అక్షరాల్లో చెల్లించని వస్తువుల జాబితా చదవాలి. కొనేముందు రెండు వారాలో నెలో అద్దెకు తీసుకోవడం తెలివైన పని. మాస్కు మార్చుకునే వీలు అద్దెలోనే ఉండాలి. చేతిలో డబ్బు తక్కువైతే ఖరీదైన యంత్రం, చవక మాస్కు కంటే మామూలు యంత్రం, ముఖానికి అమరిన మాస్కు మేలు.

ఎంత వాడితే ఎంత మేలు

పగటి మత్తు తగ్గడం, తలనొప్పి పోవడం, ఇంట్లోవాళ్లు నిద్రపోగలగడం ఇవి మొదటి వారాల్లోనే తెలుస్తాయి. బీపీ సగటున రెండు మూడు పాయింట్లు తగ్గుతుంది, మందులకు లొంగని బీపీ ఉన్నవారికి ఇంకొంచెం ఎక్కువ. గుండెపోటు, పక్షవాతం విషయంలో మాట జాగ్రత్తగా చెప్పాలి. మన దేశం సహా ఏడు దేశాల్లో 2,717 మందితో జరిగి 2016లో వెలువడిన సేవ్ అధ్యయనంలో సీపాప్ ఇచ్చిన గుంపులో అవి తగ్గలేదు. కానీ అందులో సగటు వాడకం రాత్రికి 3.3 గంటలే. తీవ్రమైన పగటి మత్తు ఉన్నవారిని ఆ అధ్యయనంలో చేర్చుకోలేదు కూడా. సీపాప్ పనికిరాదని దీన్నిబట్టి చెప్పేవారు ఆ రెండు సంగతులనూ వదిలేస్తారు. గుండెపోటు రాదని హామీ ఇచ్చి అమ్మేవారూ అదే చేస్తారు. 4 గంటలన్నది అమెరికా బీమా పెట్టుకున్న గీత. శరీరం పెట్టిన గీత కాదు. తెల్లవారుజామున కలలు ఎక్కువగా వచ్చే నిద్రలోనే ఊపిరి ఎక్కువ ఆగుతుంది కాబట్టి, అర్ధరాత్రి దాటాక మాస్కు తీసేవారు జబ్బు ముదిరే వేళను యంత్రం లేకుండా గడుపుతున్నారు.

మిగతా దారులు

బరువు తగ్గడం అన్నిటికంటే పాత సలహా. బరువులో 10 శాతం తగ్గితే ఏహెచ్ఐ సుమారు పావు వంతు తగ్గుతుందని అమెరికాలో 2000లో వచ్చిన అధ్యయనం చూపింది. 2024 డిసెంబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఊబకాయంతో కూడిన స్లీప్ అప్నియాకు టిర్జెపటైడ్ ఇంజెక్షన్‌ను ఒప్పుకుంది. జబ్బు స్వల్పంగా ఉన్నవారికి కింది దవడను ముందుకు పట్టి ఉంచే పళ్ల పరికరం ఉంది, దాన్ని దంతవైద్యుడు కొలత తీసి చేస్తాడు. టాన్సిల్స్ పెద్దవైన పిల్లలకు ఆపరేషనే మొదటి మాట. పెద్దల్లో గొంతు ఆపరేషన్ల ఫలితం మనిషిని బట్టి మారుతుంది. ప్రాణాయామం చేసేవారు చేయవచ్చు, దాన్ని చూపి యంత్రం మానకూడదు.

బరువు బాగా తగ్గినా, పెరిగినా, గురక మళ్లీ మొదలైనా ఒత్తిడిని తిరిగి చూపించుకోవాలి. ఊరికి వెళ్లేటప్పుడు యంత్రాన్ని చేతి సంచిలోనే ఉంచుకోవాలి. విమానంలో దీన్ని వైద్య పరికరంగా చూస్తారు. రైల్లో బెర్తు దగ్గరి ప్లగ్గును రాత్రికి నమ్ముకోకూడదు, బ్యాటరీ ఉండాలి. కంటి శుక్లమైనా, మోకాలి మార్పిడైనా, ఏ ఆపరేషనుకు చేరినా మత్తు డాక్టరుకు స్లీప్ అప్నియా ఉందని ముందే చెప్పి, యంత్రాన్ని, మాస్కును ఆసుపత్రికి వెంట తీసుకెళ్లాలి. మత్తుమందు, నొప్పి మందులు గొంతు కండరాలను ఇంకా సడలిస్తాయి. ఆపరేషను తర్వాతి రాత్రి వార్డులో దాన్ని ఎవరు తగిలిస్తారో నర్సుతో ఆ పగలే మాట్లాడుకోవాలి.